పట్టాల మీద నీళ్లు, పొట్ట మీద జెల్

ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను గానీ, ఆ రాత్రి దగ్గాలన్నా భయపడ్డాను.

రైల్వేలో నా ఉద్యోగం సగానికి పైగా అల్ట్రాసోనిక్ ట్రాలీ (శబ్ద తరంగాలతో పట్టాల్ని పరీక్షించే తోపుడు బండి) వెనక నడవడంతోనే గడిచింది. పట్టా మీద నీళ్లు పారిస్తూ, ఆ తరంగాలు పంపే ప్రోబ్ నడిపితే, పైకి తళతళలాడే పట్టా లోపల ఎక్కడ పగులుందో తెర మీద తెలిసిపోతుంది. రిటైరయ్యాక ఊరికే ఉండలేక మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. ఐదు తరాల పేర్లు దొరికాయి. మేనత్త చెప్పినవన్నీ నోటుబుక్కులో ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను. తాతయ్య "కడుపులో ఏదో తెగి పోయాడు". పెదనాన్న "నడుం నొప్పని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు". రాసుకుని పేజీ తిప్పేశాను. నా ధ్యాసంతా ఎవరు ఎవరికి ఏమవుతారన్న దాని మీదే.

తర్వాత నాకూ నడుం నొప్పి మొదలైంది. పడుకుంటే బొడ్డు దగ్గర ఇంకో గుండె ఉన్నట్టు కొట్టుకునేది. చూపించుకుంటే ఆ డాక్టరు పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "పట్టాల వెంట నడిచీ నడిచీ అరిగిపోయుంటుంది. ఈ వయసులో నొప్పి లేకపోతేనే వింత" అని నవ్వి మాత్రలు రాశాడు. నేనూ నవ్వాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పట్టాని పైపైన చూసి బాగుందని సంతకం పెడితే మా ఉద్యోగాలు ఉండేవా?

మూడు వారాలకి ఒక అర్ధరాత్రి నొప్పి వీపులోంచి పొడుచుకొచ్చింది. ఒళ్లంతా చెమట. "ఏమండీ, మాట్లాడండి" అని మా ఆవిడ కుదిపేస్తోంది. అమ్మాయి కారు తీసింది. ఈసారి వేరే ఆసుపత్రి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. పొట్ట నొక్కుతూ నొక్కుతూ ఒక్కసారి ఆగిపోయింది. స్కానింగ్ యంత్రం అక్కడికే తెప్పించింది. పట్టా మీద మేం నీళ్లు పోసినట్టే నా పొట్ట మీద జెల్ పూసింది. తెర నాకు కనిపిస్తూనే ఉంది. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం అక్కడ రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉండాలట. నాది 6.1కి ఉబ్బింది. పగల్లేదు. కానీ నొప్పి మొదలైందంటే ఇక ఆగడానికి లేదంది.

"మీ ఇంట్లో ఎవరైనా ఇలా హఠాత్తుగా పోయారా?" అని అడిగింది. మేనత్త రెండు వాక్యాలు అప్పుడు గుర్తొచ్చాయి. నా చేత్తో నేనే రాసుకున్నవి.

ఆపరేషన్‌కి పొద్దున దాకా ఆగాలి. బీపీ పెరగకుండా మందు ఎక్కిస్తూ కదలొద్దన్నారు. పగులు దొరికిన చోట మేం ఎర్ర రంగు పూసి, పట్టాకి రెండు పక్కలా దన్నుగా ఇనుప బద్దలు (ఫిష్ ప్లేట్లు) బిగించి, బళ్లని నెమ్మదిగా పోనిచ్చేవాళ్లం. ఆ రాత్రి ప్రతి ఊపిరీ నా మీదుగా పోతున్న బండిలా అనిపించింది. దేవుణ్ణి పెద్దగా తలవని వాణ్ణి, తెల్లారేదాకా తలుస్తూనే ఉన్నాను.

గజ్జల దగ్గర నుంచి గొట్టం పంపి, ఉబ్బిన రక్తనాళం లోపల స్టెంట్ గ్రాఫ్ట్, అంటే గుడ్డ తొడిగిన లోహపు జాలీ గొట్టం, పెట్టారు. నాకేం తెలీదు, మత్తులో ఉన్నాను. ఇకపై క్రమం తప్పకుండా స్కాన్‌కి వెళ్లాలి. ఆ డాక్టరమ్మకి చేతులెత్తి దండం పెడితే "అయ్యో, అంకుల్" అని వెనక్కి జరిగింది. మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లి నాలుగు దులపాలని రెండుసార్లు బయల్దేరి, వీధి చివరి నుంచి తిరిగొచ్చాను. ముప్పై ఏళ్లు సిగరెట్ కాల్చిన సంగతి ఆయన అడగలేదు సరే, నేను మాత్రం చెప్పానా?

65 దాటి, ఎప్పుడైనా సిగరెట్ తాగిన మగవాళ్లు, ఇంట్లో ఇలాంటి చావులున్న వాళ్లు ఒక్కసారి పొట్ట స్కాన్ చేయించుకోండి. సూది కూడా గుచ్చరు.

నోటుబుక్కులో ప్రతి పేరు పక్కనా ఇప్పుడు ఇంకో గడి గీశాను, ఎలా పోయారని. తమ్ముడికి ఫోన్ చేసి పోరు పెడితే విసుక్కుంటూనే వెళ్లాడు. 3.4 సెంటీమీటర్లు వచ్చింది. ఇంకా కోసే దశ కాదట, కనిపెట్టుకుని ఉండాలన్నారు.

"వంశవృక్షం అంటే పాత ఫొటోలు అడుగుతావనుకున్నా అన్నయ్యా, పొట్ట కొలతలు అడుగుతావనుకోలేదు" అన్నాడు.