నలుగురితో నారాయణ, సర్వరుతో సహా

వికేంద్రీకృత ఇంటర్నెట్ గురించి రాసేవాళ్ళు చాలామంది స్వేచ్ఛ, గోప్యత, బడా కంపెనీల పెత్తనం అంటూ మొదలుపెడతారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాటలు విని, అలవాటైన చోటు వదిలి వచ్చినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మిగిలినవాళ్ళంతా తమవాళ్ళు వెళ్తున్నారని వెళ్ళినవాళ్ళే. నలుగురితో నారాయణ అనడాన్ని మనం కాస్త తక్కువ చేసి మాట్లాడతాం గానీ, మాస్టొడాన్ (ఒక్క కంపెనీ చేతిలో కాక, ఎవరికి వాళ్ళు నడుపుకునే సర్వర్లు కలిసి ఏర్పడిన సోషల్ మీడియా) లాంటివి ఈనాటికీ బతికి ఉన్నాయంటే ఆ గుణం చలవే అని నా అభిప్రాయం.

పుట్టగొడుగుల ఫొటోలు తీసి, అవి ఏ జాతివో తేల్చుకోవడంలో ఒకరికొకరు సాయపడే చిన్న గుంపు మాది. ఆ గుంపు కోసం నడిచే మాస్టొడాన్ సర్వరు బాగోగులు నేను చూస్తాను. అంతకుముందు మేమంతా ఒక పెద్ద వేదికలో ఉండేవాళ్ళం. అక్కడ పాత పోస్టులు వెతికితే దొరికేవి కావు. ఏది ముందు కనిపించాలో, ఏది అడుగున పడిపోవాలో ఆ కంపెనీ లెక్కలే తేల్చేవి. పుట్టగొడుగుల పనికి ఇది పెద్ద ఇబ్బంది. నిరుడు ఇదే కాలంలో తీసిన ఫొటోను పక్కన పెట్టి చూస్తే తప్ప ఇప్పటి ఫొటో సంగతి తేలదు మరి. యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్ ఉందని, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని ప్రమాణంగా సిఫారసు చేసిందని, వేర్వేరు సర్వర్లు దాని ద్వారా మాట్లాడుకుంటాయని నేను చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. ఎవరూ కదల్లేదు.

కదిలించింది మా మాస్టారు. ఆయన రిటైరైన వృక్షశాస్త్ర అధ్యాపకులు (పుట్టగొడుగు మొక్క కాదని మాకు వారానికోసారి గుర్తుచేసేదీ ఆయనే). ఆయనను ఆకర్షించినది స్వేచ్ఛా కాదు, ప్రోటోకాలూ కాదు. మాస్టొడాన్‌లో ప్రతి ఫొటోకు వివరణ రాయడానికి 1500 అక్షరాల చోటు ఉంటుంది. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వినేందుకు ఉద్దేశించిన చోటది. మాస్టారు అందులో ఇలా రాస్తారు: "గొడుగు అంచు ఇంకా లోపలికే ముడుచుకొని ఉంది. అడుగున రేకుల్లాంటి పొరలు కాడను తాకకుండా ఆగిపోయాయి. కాడ మొదలును గోటితో గీరితే చటుక్కున పసుపు తేలింది. ఫినాయిల్ వాసన." ఫొటోలో ఆ వాసన రాదు, ఆ పసుపూ కాసేపటికి మాసిపోతుంది. ఆ రకంలో తినదగినదేదో కడుపు పాడుచేసేదేదో చెప్పేవి మాత్రం అవే. కొన్నాళ్ళకు మిగిలినవాళ్ళూ అలాగే రాయడం నేర్చుకున్నారు. మాస్టారు ఎక్కడ రాస్తే అక్కడికి మా గుంపు వచ్చింది.

ఒక్కడే వెళ్తే ఎందుకు నిలవలేడో చెప్పాలంటే ఈ సర్వర్లు పనిచేసే తీరు కొంచెం చూడాలి. మాస్టొడాన్ సర్వరుకు బయటి ప్రపంచమంతా దానంతట అదే కనిపించదు. ఆ సర్వరులో ఉన్నవాళ్ళు బయట ఎవరిని అనుసరిస్తే, ముఖ్యంగా వాళ్ళ పోస్టులే లోపలికి వస్తుంటాయి. కొత్త సర్వరులో ఒంటరిగా చేరినవాడికి టైమ్‌లైన్ ఖాళీగా ఉంటుంది. వెతికినా ఏమీ దొరకదు. "ఇక్కడ ఎవరూ లేరు" అని వెళ్ళిపోతాడు. అదే ఒకే ఆసక్తి ఉన్న ఇరవైమంది కలిసి వచ్చారనుకోండి. ఒకరు అనుసరించే నిపుణురాలి పోస్టులు అందరి వెతుకులాటలోనూ తగులుతాయి, ఇంకొకరు బూస్ట్ చేసినది (తన అనుచరులకు మళ్ళీ పంచినది) పదిమందీ చూస్తారు. వారం తిరిగేసరికి ఆ సర్వరు వాళ్ళకు కావలసిన విషయంతోనే నిండిపోతుంది. పెద్ద కంపెనీలో యంత్రం చేసే వడపోతను ఇక్కడ గుంపు తనకు తెలియకుండానే చేసేస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పరెందుకో.

ఇది మాస్టొడాన్‌తో మొదలైన కథ కాదు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది బిట్‌టోరెంట్, అంటే పెద్ద ఫైళ్ళను ముక్కలుగా ఒకరి నుంచి ఒకరు అందుకునే పద్ధతి. బ్రామ్ కోహెన్ దాన్ని 2001లో విడుదల చేశాడు. మొదట్లో దానికి కావలసింది పెద్ద ఫైళ్ళు తరచుగా పంచుకునే జనం. వాళ్ళు ఈట్రీ అనే గుంపులో దొరికారు. గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటి కొన్ని సంగీత బృందాలు తమ కచేరీలను అభిమానులు రికార్డు చేసుకోవడానికి అనుమతించేవి. ఆ రికార్డింగులను నాణ్యత ఏమాత్రం తగ్గకుండా పంచుకోవడమే ఈట్రీ పని. నాణ్యత తగ్గించి కుదించే ఎంపీ3 అంటే వాళ్ళకు గిట్టదు. షార్టెన్ అనే పద్ధతిలో కుదించిన ఒక్క కచేరీ అప్పటి ఇంటర్నెట్‌కు మోయలేని బరువు. ఫైళ్ళు దించుకునే కొద్దిపాటి ఎఫ్‌టీపీ సర్వర్ల ముందు వరస కట్టేవాళ్ళు. అదీ కుదరనివాళ్ళు ఖాళీ సీడీలు, తిరుగు తపాలా ఖర్చు పంపి కాపీ చేయించుకునేవాళ్ళు. ఇచ్చిపుచ్చుకోవడం, అందుకున్నవాడు మరొకరికి అందించడం వాళ్ళలో సాఫ్ట్‌వేర్ రాకముందే పాతుకుపోయిన మర్యాద. బిట్‌టోరెంట్ లోపలి సూత్రమూ అదే: నువ్వు ముక్కలు పంచితే నీకు ముక్కలు వేగంగా వస్తాయి. కోహెన్ వాళ్ళకు కొత్త అలవాటేమీ నేర్పనక్కర్లేకపోయింది. 2003లో రెడ్ హ్యాట్ లినక్స్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినప్పుడు దాన్ని టోరెంట్‌గా పంచితే జనం ఎగబడ్డారు. అప్పటికే కచేరీల వాళ్ళ చేతుల్లో నలిగి గట్టిపడ్డ పరికరమది.

దీనికి ఎదురు ఉదాహరణ 2022. ట్విటర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్ళాక జనం విసుగుతో వెల్లువగా మాస్టొడాన్‌కు వచ్చారు. డిసెంబరు మొదట్లో నెలవారీ వాడుకరులు 25 లక్షలు దాటారు. జనవరి మొదటి వారానికే ఆ సంఖ్య దాదాపు 18 లక్షలకు పడిపోయింది. పత్రికలు వెంటనే శ్రద్ధాంజలి రాసేశాయి. నాకు ఆసక్తి కలిగించింది తగ్గిన ఏడు లక్షలు కాదు, నిలిచిన వాళ్ళెవరన్నది. సైబర్ భద్రత నిపుణులు ఇన్ఫోసెక్ డాట్ ఎక్స్ఛేంజ్ అనే మాస్టొడాన్ సర్వరు చుట్టూ చేరి స్థిరపడ్డారు. చూపు లేనివాళ్ళ సంగతి ఇంకా స్పష్టం. 2023 జనవరిలో ట్విటర్ బయటివాళ్ళు తయారుచేసిన యాప్‌లను నిలిపివేసింది. స్క్రీన్ రీడర్‌కు అనువుగా ఉండే యాప్‌ల మీద ఆధారపడినవాళ్ళకు అది తలుపు మూసేసినట్టే. ఆ ఏడాదే రెడిట్ అనే చర్చావేదిక తన ఏపీఐకి (బయటి యాప్‌లు దాని పోస్టులను అందుకునే దారికి) రుసుము పెట్టినప్పుడు, అక్కడి అంధుల చర్చాబృందాన్ని నడిపే వాలంటీర్లు లెమ్మీ అనే, రెడిట్ లాంటి చర్చలను సొంత సర్వర్లలో నడుపుకునే సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వరు పెట్టుకున్నారు. తరవాత రెడిట్ కొన్ని యాప్‌లకు మినహాయింపు ఇచ్చింది. ఒకరి దయతో నడిచే మినహాయింపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేరు కాబట్టే ఆ సొంత సర్వరు. వీళ్ళు కోపంతో రాలేదు, అవసరంతో వచ్చారు. కోపం నెలలో చల్లారుతుంది.

తీగల దగ్గరా, యాంటెన్నాల దగ్గరా కథ ఇదే. స్పెయిన్‌లోని కాటలోనియాలో, ఒసోనా ప్రాంతంలోని గుర్బ్ అనే ఊళ్ళో 2004 ప్రాంతంలో గుయిఫీ డాట్ నెట్ మొదలైంది. పల్లె ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ వేయడానికి కంపెనీలు రాలేదు. ఇంటి కప్పుల మీద యాంటెన్నాలు బిగించి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వాళ్ళే సంకేతాలు దాటించుకున్నారు. ఎవరి పరికరం వాళ్ళదే, కలిసిన వల మాత్రం అందరిదీ అని ఒక ఒప్పందం రాసుకున్నారు. అది ఇప్పుడు 35 వేల నోడ్‌లు (వలలో కలిసే స్థానాలు) దాటిన వల.

ఇక్కడిదాకా చదివినవాళ్ళకు చిన్న గుంపుల మీద నాకు మోజు ఎక్కువనిపించవచ్చు. మోజు ఉంది, నిజమే. కానీ చిన్న గుంపు చేసే చెరుపు కూడా ఒకటుంది. స్కటిల్‌బట్ అనే ప్రోటోకాల్‌ను చూడండి. పడవలో బతికే డొమినిక్ టార్ అనే ప్రోగ్రామర్ 2014లో మొదలుపెట్టాడు. ఇంటర్నెట్ లేకపోయినా, రెండు కంప్యూటర్లు ఒకే వైఫైలో కలిస్తే చాలు, ఇద్దరి పోస్టులూ, ఇద్దరి స్నేహితుల పోస్టులూ ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. దాని చుట్టూ ఎంతో ఆప్యాయమైన గుంపు ఏర్పడింది. కానీ అందులో ఒకే ఖాతాను ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ వాడే వీలు లేదు. వాడితే పోస్టుల గొలుసు రెండుగా చీలి ఖాతా పనికిరాకుండా పోతుంది. బయటివాడికి ఇది మొదటి రోజే తగిలే అడ్డుగోడ. లోపలివాళ్ళు మాత్రం సర్దుకుపోయారు, ఎందుకంటే వాళ్ళకు అక్కడ స్నేహితులున్నారు. ప్రేమ ఉన్నచోట ఫిర్యాదు రాదు. ఫిర్యాదు రానిచోట ఆ లోపం అత్యవసరమని తయారుచేసేవాడికి ఎలా అనిపిస్తుంది? కొత్త సాంకేతికతను బతికించేదీ, దాన్ని పెరగకుండా ఆపేదీ తరచూ ఒకే ఓర్పు.

చాకిరీ సంగతి వేరే. మా సర్వరు డిస్కు నిండేది మా పుట్టగొడుగులతో కాదు, పొరుగు సర్వర్ల నుంచి వచ్చి నిలవ ఉండిపోయే ఫొటోలతో. పాతవి తుడిచే పనిని రాత్రివేళకు అప్పగించాను. అయినా నెలకోసారి చూసుకోక తప్పదు. నేను మంచం పడితే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు మాస్టొడాన్ వాళ్ళ సర్వర్ ఒడంబడికలో కొంత జవాబుంది: అత్యవసరంలో ఇంకొకరికైనా సర్వరు అందుబాటులో ఉండాలి, మూసేస్తే కనీసం 3 నెలల ముందు చెప్పాలి. 2022లో మాస్టొడాన్ డాట్ టెక్నాలజీ అనే పేరున్న సర్వరు మూతపడినప్పుడు వేలమంది వేరే చోట్లకు సర్దుకోవలసి వచ్చింది. ఖాతా మారిస్తే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. మా వాళ్ళ పోస్టులే మా ఆస్తి కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు. తాళాలు ఇంకో సభ్యురాలికి కూడా ఇచ్చాను. ఆవిడ నాకన్నా పద్ధతైన మనిషి.

ఈమధ్య లైకెన్ల ఫొటోలు తీసే ఒక గుంపు మా సర్వరులో చేరతామని అడిగింది. మీదే ఒకటి పెట్టుకోండి, మొదట్లో సాయం చేస్తానని నేనన్నాను. సర్వరు పెరిగేకొద్దీ మోడరేషన్ (పోస్టులనూ సభ్యులనూ అదుపులో ఉంచే పని) బరువు ఎలా పెరుగుతుందో బీహా ఉదంతం చూపించింది. 2023 జూన్‌లో ఆ లెమ్మీ సర్వరు, ఎవరైనా చేరగల రెండు పెద్ద సర్వర్ల నుంచి వచ్చే జనాన్ని సంబాళించలేక, వాటితో సంబంధమే తెంచుకుంది. మాస్టారికి నా మాట నచ్చలేదు. లైకెన్‌లో సగం శిలీంధ్రమే కదా, వాళ్ళను బయట నిలబెట్టడానికి నువ్వెవరివి అంటున్నారు. మిగతా సగం నాచు అని నేనన్నాను. వచ్చే ఆదివారం అందరం కూర్చుని తేల్చుకోవాలి.