ఒట్టి గ్యాసే అన్నారు

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు 8 నెలలు పట్టింది. భయం పోయింది గానీ కోపం పూర్తిగా పోలేదు, ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి.

ఛాతీలో మంట నాకు కొత్తేం కాదు. తిన్నాక పుల్లటి త్రేన్పులు, చెప్పులు తొడుక్కోవడానికి వంగితే గొంతు దాకా వచ్చే చేదు నీళ్లు, ఏళ్ల తరబడి ఉన్నవే. ఓ మాత్ర చప్పరిస్తే తగ్గేది, దాన్ని జబ్బని ఎవరనుకుంటారు? తర్వాత గొంతు బొంగురుపోయింది, పొడిదగ్గు పట్టుకుంది. రెండు నెలలు దగ్గుమందు తాగాను. దగ్గుకీ కడుపులో యాసిడ్‌కీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు.

ఆ రాత్రి పనులన్నీ అయ్యేసరికి పదిన్నర దాటింది. ఆకలి మీద గబగబా తినేసి వెంటనే పడుకున్నాను. రెండింటప్పుడు గొంతులో నిప్పు పోసినట్టయి మెలకువ వచ్చింది. ఊపిరి పీల్చుదామంటే లోపలికి పోవట్లేదు. కీచుమని ఒక శబ్దం వస్తోంది, అది నా గొంతులోంచేనని తెలియడానికే కాసేపు పట్టింది. మా ఆయన లేచి లైటు వేశారు, ఆయన చెయ్యి పట్టుకున్నాను గానీ మాట రాదు. పెద్ద దైవభక్తురాలిని కాను, అయినా ఆ అర నిమిషంలో నేను తలుచుకున్నది డాక్టర్‌ని కాదు. ఊపిరి అందాక ఛాతీ మధ్యలో నొప్పి మొదలై దవడ దాకా పాకింది, ఒళ్లంతా చెమటలు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

హాస్పిటల్‌లో ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, కొన్ని గంటలాగి మళ్లీ తీసుకున్నారు. గుండెకేమీ లేదని తేలింది. అంతవరకూ వాళ్లకి దండం పెట్టాలి, ఎందుకంటే గుండె నొప్పీ అన్నవాహిక నొప్పీ ఒక్కలాగే ఉండొచ్చు, ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. కానీ పొద్దున వచ్చిన పెద్ద డాక్టర్ ఫైలు మూస్తూ, నాకు కాదు, మా ఆయనకి చెప్పారు: "ఏం లేదండీ, ఒట్టి గ్యాస్. ఆడవాళ్లకి టెన్షన్ ఎక్కువ కదా." రాత్రంతా చావు కళ్లముందు కనిపించిన మనిషి పక్కనే మంచం మీద ఉంది, ఆమెతో ఒక్క మాట లేదు. ఇంటికొస్తే మా బావగారు ఇంకో ఆకు ఎక్కువ చదివారు: "గ్యాస్‌కి కూడా హాస్పిటలేంటమ్మా, అనవసరంగా హడావిడి."

చీటీ మీద పాంటాప్రజోల్ రాశారు, కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర. ఎప్పుడు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేను రాత్రి తిన్నాక, పడుకునే ముందు వేసుకునేదాన్ని. నెలైనా పెద్దగా తేడా లేదు. చిరాకొచ్చి ఒక్కసారిగా మానేస్తే మంట రెట్టింపైంది.

అప్పుడు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఎండోస్కోపీ అనుకున్నంత కష్టమేం కాలేదు. అన్నవాహిక కింది భాగం ఎర్రగా ఉంది, పుండు లేదు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని. కడుపులో యాసిడ్‌ని వదిలే పంపులు తిండి పడగానే పనిలోకి దిగుతాయట, అప్పటికే మందు రక్తంలో ఉంటేనే వాటిని ఆపగలదు. అందుకే టిఫినుకి అరగంట నుంచి గంట ముందు పరగడుపున వేసుకోవాలి. కొన్నాళ్లు వాడాక ఉన్నట్టుండి మానేస్తే కడుపు ఎగబడి యాసిడ్ తయారుచేస్తుంది, మెల్లగా తగ్గించాలి. రెండు ముక్కలు, అంతే! ఇవి ముందే ఎవరైనా చెప్పి ఉంటే... ఆవిడ ముందే ఏడ్చేశాను. ఆవిడ కాగితం మీద కడుపు బొమ్మ గీస్తూ నా ఏడుపు అయ్యేదాకా ఆగారు.

అసలు మార్పు మంచంతో వచ్చింది. అప్పటిదాకా మూడు దిండ్లు పేర్చుకుని పడుకునేదాన్ని. అలా అయితే నడుము దగ్గర మడత పడి కడుపు ఇంకా నొక్కుకుంటుందట. దిండ్లు తీసేసి, మా ఆయన తలవైపు మంచం కోళ్ల కింద 6 అంగుళాల చెక్క దిమ్మలు పెట్టారు, స్కేలుతో రెండుసార్లు కొలిచి మరీ. మొదటి వారం నిద్రలో జారి జారి తెల్లారేసరికి కాళ్లు మంచం బయట ఉండేవి. ఎడమవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాను, అలా పడుకుంటే కడుపు అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది. రాత్రి తిండికీ పడకకీ మధ్య 3 గంటలు ఉండేలా చూసుకున్నాను. ఇక పథ్యం సంగతంటారా, ఎవరేది చెబితే అది మానేసి నెలలో నాలుగు కిలోలు తగ్గాను, అదో పిచ్చి. తీరా చూస్తే కాఫీ నన్నేమీ చేయదు, చాక్లెట్ మాత్రం పడదు. రాత్రి మంటకి పాలు తాగితే కాసేపు చల్లగా ఉండి మళ్లీ మొదలయ్యేది. మీకేది పడదో మీరే రాసి పెట్టుకుని చూసుకోండి, అందరి జాబితా మీ నెత్తిన వేసుకోకండి. ముద్ద గొంతులో అడ్డం పడుతున్నా, విరేచనం నల్లగా అయినా, వాంతిలో రక్తం కనపడినా, ఊరికే బరువు తగ్గుతున్నా మాత్రం ఇలాంటి కబుర్లు చదువుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మాత్ర ఆపి ఇప్పుడు రెండు నెలలు, ఆవిడే మెల్లగా తగ్గించి ఆపించారు. దిమ్మలు అలాగే ఉన్నాయి.

మొన్న బావగారు ఫోన్ చేశారు. "రాత్రిళ్లు ఛాతీలో మంటమ్మా, నిద్ర ఉండట్లేదు. మీ మంచం కింద ఎన్ని అంగుళాలు పెట్టారూ?" అనాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, "ఒట్టి గ్యాసే కదా బావగారూ" అనేశాను. అవతల చప్పుడు లేదు. తర్వాత ఆరంగుళాలని చెప్పి, ముందు వెళ్లి ఈసీజీ తీయించుకోమన్నాను.