తోరణం లోపల ఏముండాలె?

కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా హన్మకొండలో బస్సు దిగేసరికి ఎండ ముదిరింది. వెంట మా అక్క కొడుకు ఉన్నాడు. గ్రూప్స్‌కు చదువుతున్నాడు కాబట్టి దారి పొడుగునా కరెంట్ అఫైర్సే. "మామా, తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసిందెవరు?" అని అడుగుతాడు, నేను నోరు తెరిచేలోపే "ఏలె లక్ష్మణ్" అని తనే చెప్పేస్తాడు. 2014 జూన్ 2, పైన సింహాలు, నడుమ కాకతీయ తోరణం, తోరణంలో చార్మినార్. అన్నీ నోటికొచ్చు. తోరణాన్ని మాత్రం కండ్లతో చూసింది లేదు. అందుకే చౌరస్తాలో ఆటో మాట్లాడుకుని నేరుగా ఖిలా వరంగల్ పోయాం.

మట్టికోట దాటి, రాతికోట దాటి పోతుంటే దారిలో ఇండ్లు, కిరాణా దుకాణాలు, ఆరేసిన బట్టలు. కోట లోపల ఊరుంది. టికెట్లు తీసుకుని మధ్యకోటలో అడుగు పెట్టగానే మావాడు ఆగిపోయాడు.

"నాలుగున్నయేంది మామా?"

కాగితం మీద ఒక్కటే కనబడుతుంది గానీ నేల మీద దిక్కుకొకటి ఉంది. ఒక్కొక్కటి దాదాపు 30 అడుగుల ఎత్తు. నడుమ స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు చిక్కాక ఆ గుడి పోయింది, వాకిళ్లు మిగిలాయి. ఇప్పుడక్కడ విరిగిన స్తంభాలు, చెక్కుడు రాళ్లు ఆరుబయట పరుచుకుని ఉన్నాయి.

తోరణాల మీద దేవుడి బొమ్మ లేదు కాబట్టే వాటిని కూల్చలేదని అంటారు. మెడ నొప్పి పుట్టేదాకా వెతికాం. జంట స్తంభాలు, వాటి మీద బరువైన అడ్డదూలం, దానికి వేలాడే తామర మొగ్గలు, మెలికలు తిరిగిన దండలు, ఆకుల తోకలున్న పక్షులు, పైన హంసలు. నిజమే, దేవుడు ఎక్కడా దొరకలేదు. అయినా ఆ కారణం ఒక్కటే నాకు ఆనదు. గెలిచినవాడికి కూడా వాకిలి కావాలి కదా! ఏటవాలు గోడల ఖుష్ మహల్ ఆ పక్కనే ఉంది. అక్కడ దర్బారు తీర్చినవాళ్లకు ఇంత గొప్ప వాకిళ్లు ఊరికే దొరికితే కూలగొట్టుకుంటారా?

"కాకతీయుల రాజముద్ర గూడ ఇదేనా?" అన్నాడు మావాడు. కాదు, వాళ్లది వరాహం. నాణేల మీద వేసుకున్నది దాన్నే. ఒకప్పుడు వాళ్లు కల్యాణి చాళుక్యుల సామంతులు, చాళుక్యులదీ వరాహ లాంఛనమే. రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాక 1163లో వేయిస్తంభాల గుడి శాసనంలో తన విజయాలన్నీ చెక్కించుకున్నాడు గానీ పంది బొమ్మను మాత్రం వదల్లేదు. ఇవాళ ఏ ప్రభుత్వమైనా అంత నిబ్బరంగా పందిని లెటర్‌హెడ్ మీద వేసుకోగలదా అని నాకు అనుమానమే.

చిహ్నంలో నాకు నచ్చేది వేరే ఉంది. ఇక్కడ శివుడి గుడి ఉండిన చోట, బొమ్మలో చార్మినార్ నిలబడింది. హైదరాబాదు, ఓరుగల్లు రెండూ ఉండాలని పక్కపక్కన పేర్చినట్టు కనిపిస్తుంది గానీ, నాలుగు తోరణాల నడుమ నిలబడి చూస్తే వాటి పొత్తు ఇంకా లోతుగా ఉంది. 1591 నాటి చార్మినార్ కూడా నాలుగు దిక్కులకు తెరుచుకున్న నాలుగు కమాన్లే. దాని పక్కన చార్‌కమాన్ మళ్లీ నాలుగు వాకిళ్లు. కులీ కుతుబ్ షా నగరానికి ఓరుగల్లు నమూనా అయి ఉంటుందని కొందరు చరిత్రకారులు అన్నది నాకు ఇక్కడికొచ్చాకనే నమ్మబుద్ధయింది.

2024లో చిహ్నం మారుస్తారన్న మాట వచ్చి, తోరణం, చార్మినార్ ఉండాలా పోవాలా అని పెద్ద గొడవే నడిచింది. రాచరికపు గుర్తులు ప్రజల ప్రభుత్వానికి ఎందుకన్నది ఒక వాదం, ఇవి రాజులవి కావు, మనవి అన్నది ఇంకొకటి. చివరికి ఆ ఏడు వాయిదా పడింది. మావాడు రెండు వైపులా పాయింట్లు రాసుకున్నాడు, మెయిన్స్‌లో అడుగుతారట.

తిరుగు బస్సులో నన్నడిగాడు, నువ్వైతే ఏం పెడతవని. చెరువు అన్నాను. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది, కాకతీయుల వంశావళి మనకు దొరికింది ఆ చెరువు శాసనంలోనే. రామప్ప, పాకాల చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. కట్ట, తూము, అలుగు పెడితే చాలదా?

వాడు నోట్సు వెనక పేజీలో గీసి చూపించాడు. "గుండ్రంగ గీస్తే ఇడ్లీ లెక్క కొడుతుంది మామా. తోరణమే ఉండనియ్యి."