ఆరు పాయింట్ రెండు

లీవుకి ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. కవిటి దగ్గర మా ఊళ్ళో మధ్యాహ్నం భోంచేసి కొబ్బరిచెట్ల కింద మంచం వేసుకుంటే మా అక్క కొడుకు ఫోన్ పట్టుకొచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "మావయ్యా, రాత్రి వీడు ఏటీ ఆడలేదు. యాప్‌లో పదికి 6.2 ఇచ్చారు" అన్నాడు. ఎవడ్రా అంటే ఫుట్‌బాల్‌లో మైదానం మధ్యలో ఆడే ఒక మిడ్‌ఫీల్డర్ పేరు చెప్పాడు. మ్యాచ్ చూసినావేటి అని అడిగితే "లేదు, పొద్దున్న లేచి రేటింగ్ చూసినాను" అన్నాడు. ఇంటర్ చదివే గుంటడు, వాడికి ఆటంటే మార్కుల లిస్టే.

నవ్వొచ్చింది గానీ ఏమీ అనలేదు, నేనూ కొన్నాళ్ళు అలాగే ఉన్నాను మరి. ఖతార్ వెళ్ళేదాకా నాకు ఫుట్‌బాల్ తెలీదు. మా ఉద్దానంలో క్రికెట్, కాస్త వాలీబాల్, అంతే. క్యాంపులో నా పై మంచం మలప్పురం అతనిది. తెల్లవారుజామున సైటు బస్సెక్కగానే ఫోన్ తీసి, రాత్రి మ్యాచ్‌లో ఎవడికెంత వచ్చిందో పైకి చదివేవాడు. నేను సగం నిద్రలో విని, టీ టైములో మనవాళ్ళ దగ్గర అన్నీ తెలిసినవాడిలా అవే అంకెలు అప్పజెప్పేవాణ్ణి.

వాటి మీద డౌటు పుట్టించింది మాత్రం మా ఫోర్‌మన్ బోర్డు.

నేను ఆర్గాన్ వెల్డర్ని. పైపు పనిలో మమ్మల్ని ఇంచ్-డయాతో కొలుస్తారు. ఆరంగుళాల పైపు జాయింట్ ఒకటి పూర్తి చేస్తే ఆరు, పన్నెండంగుళాలదైతే పన్నెండు. సాయంత్రానికి ఎవడెంత చేశాడో కూడి ఆఫీసు కంటైనర్ తలుపు మీద అంటిస్తారు. ఒకరోజు నన్ను పైప్‌రాక్ మీదికి, అంటే ఎత్తున పైపులు మోసే ఇనుప చట్రం మీదికి పంపారు. లైన్ల మధ్య ఇరుకులో రెండంగుళాల జాయింట్లు, వెనక వైపుకి చెయ్యి పోతుంది గానీ కన్ను పోదు, చిన్న అద్దం పెట్టుకుని అందులో చూస్తూ వెల్డ్ చెయ్యాలి. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది, చెయ్యి ఒకవైపు పోతానంటే బుర్ర ఇంకోవైపు లాగుతుంది. పైగా గాలి. వెల్డ్‌ని కాపాడే ఆర్గాన్ గ్యాస్ కాస్త చెదిరిందంటే రూట్‌లో, అంటే వెల్డ్ అడుగు పొరలో, పోరోసిటీ (సన్న బొక్కలు) వచ్చేస్తుంది, అందుకని చుట్టూ ఫైర్ బ్లాంకెట్ కట్టుకుని ఆ ఉడుకులో కూర్చుని రోజంతా కష్టపడి రెండు జాయింట్లు తీశాను. బోర్డు మీద నాకు 4. కింద వర్క్‌షాపులో పైపు తిప్పుకుంటూ వెల్డ్ చేసినవాడికి 48. సూపర్‌వైజర్ వచ్చి "క్యా భాయ్, ఊపర్ సో రహా థా?" అన్నాడు, పైన పడుకున్నావా అని. ఏం చెప్తాం.

మర్నాడు బస్సులో పై మంచం అతను ఎవడో డిఫెండర్‌కి 6.1 వచ్చిందని, వాడు వేస్టని అంటుంటే నాకు నా నాలుగే గుర్తొచ్చింది.

అసలీ రేటింగ్ ఎలా వేస్తారని అతన్నే అడిగాను. వీడియో చూస్తూ మనుషులే ప్రతి పాసూ, టాకిలూ, షాటూ ఎక్కడ ఎప్పుడు జరిగిందో ఎక్కిస్తారట, ఒక్క మ్యాచ్‌కే సుమారు రెండు వేలు. హూస్కోర్డ్ అనే యాప్‌లో అయితే ప్రతివాడూ 6.0తో మొదలవుతాడు. మంచి పనికి పెరుగుతుంది, బంతి పోగొడితే తగ్గుతుంది, గోల్ కొడితే ఒక్కసారే పైకి లేస్తుంది. ఇంకో యాప్ లెక్క ఇంకోలా ఉంటుంది, ఒకే ఆటగాడికి ఒకే మ్యాచ్‌కి రెండు యాప్‌లు రెండు మార్కులు వేస్తాయి. మోసమేమీ లేదు ఇందులో. కాకపోతే లెక్కకొచ్చేది ఎక్కువగా బంతి దగ్గర జరిగిన సంగతే. తొంభై నిమిషాల్లో ఒక్కొక్కడి కాళ్ళ దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలు. మిగతా టైమంతా పరిగెడతాడు, నడుస్తాడు, ఎక్కడ నిలబడాలో చూసుకుంటాడు, ఎదుటివాడు పాసిచ్చే దారి మూసేస్తాడు. దారి మూసుకుంటే పాస్ రాదు. పాస్ రాకపోతే ఎక్కించడానికేమీ ఉండదు.

2022 నవంబర్ 22న ఖతార్ వరల్డ్ కప్‌లో, లుసైల్ స్టేడియంలో సౌదీ 2-1తో అర్జెంటీనాని ఓడించింది. మ్యాచ్ మధ్యాహ్నం, మేం డ్యూటీలో ఉన్నాం, రాత్రి క్యాంపుకొచ్చి చూశాం. అర్జెంటీనా పదిసార్లు ఆఫ్‌సైడ్‌లో, అంటే పాస్ ఇచ్చే క్షణానికి డిఫెండర్లని దాటి ముందు నిలబడి, దొరికింది, అందులో ఏడు మొదటి సగంలోనే, మూడు గోల్స్ రద్దయ్యాయి. సౌదీ డిఫెండర్లు వలతాడు పట్టినట్టు అందరూ ఒకేసారి ముందుకి అడుగేస్తున్నారు. ఒక్కడు ఆలస్యమైతే గోలే. ఆ అడుగు ఎవడి ఖాతాలో వేస్తారు? మా దగ్గరా అంతే, పైపులు కలిపి బిగించే ఫిట్టర్ మధ్యలో గ్యాప్ సరిగ్గా పెడితే రూట్ అందంగా వస్తుంది, పేరు వెల్డర్‌ది. గ్యాప్ చెడి జాయింట్ రిపేర్‌కొస్తే అదీ వెల్డర్ పేరు మీదే.

ఫైనల్ డిసెంబర్ 18న, అర్జెంటీనాకీ ఫ్రాన్స్‌కీ. ఖతార్ నేషనల్ డే, సెలవు. క్యాంపు ఆవరణలో పెద్ద స్క్రీన్ కట్టారు. 80వ నిమిషం దాకా ఫ్రాన్స్ ఎంబాపే ఉన్నాడో లేడో తెలీదు, 2-0తో వెనకబడ్డారు, మావాళ్ళు తిట్టని తిట్టు లేదు. అప్పుడొక పెనాల్టీ, రెండు నిమిషాలు తిరక్కుండానే ఒక వాలీ, ఎక్స్‌ట్రా టైములో, 118వ నిమిషంలో మళ్ళీ పెనాల్టీ. హ్యాట్రిక్. పెనాల్టీ అంటే ఎవడు కొట్టినా నాలుగింట మూడు గోలే అనుకోండి, అయినా మూడు మూడే. 79వ నిమిషంలో వాడికెంత వేసేవారు, చివరికెంత వేశారు! ఆట చివర ఫ్రాన్స్ కోలో మువానీ షాట్‌ని అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ కాలు చాచి ఆపకపోతే మెస్సీకి ఆ కప్పు లేదు. ఒక్క మ్యాచ్ మార్కంటే అంత సన్నటి దారం మీద నడక.

అలాగని అంకెలు తీసి పారేయమనను. నన్నొకసారి అవే కాపాడాయి. ఇంకో కంపెనీలో ఫోర్‌మన్ తన వాళ్ళని ఉంచుకోవాలని నా పని బాగాలేదని మేనేజర్‌కి ఎక్కించాడు. నాణ్యత చూసే క్యూసీ ఆయన ఏడాదిగా నా జాయింట్లకి తీసిన ఎక్స్‌రే రికార్డంతా బయటికి తీస్తే నా రిపేర్లు నూటికి ఒకటి కూడా లేవు. కంటికీ పక్షపాతం ఉంటుంది కదా. ఆ రోజు బోర్డు మీద పడ్డ నాలుగుని నమ్మను, ఏడాది ఎక్స్‌రే ఫిల్మ్‌ని నమ్ముతాను. సీజన్ మొత్తం సగటు చెప్తే నేనూ వింటాను, ఒక్క రాత్రి 6.2కీ 6.7కీ తేడా ఉందంటే మాత్రం వినను.

డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు అక్కడి ఫుట్‌బాల్ గురించి చెప్తాడు, అది చేత్తో ఆడేది, వేరే ఆట. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అని ఒక కంపెనీ ఉంది, మనుషులు కూర్చుని ప్రతి ప్లేలో ప్రతివాడికీ మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా వేసి, చివరికి 100కి మారుస్తారట. బంతి ముట్టనివాడికీ మార్కు పడుతుందంటే నాకు నచ్చింది. అయితే ఆ ప్లేలో కోచ్ వాడికేం పని చెప్పాడో బయటివాడికి తెలీదు కదా. డ్రాయింగ్ లేకుండా ఇన్‌స్పెక్షన్ చేసినట్టే అది.

ఇదంతా విని మా అల్లుడు "అయితే ఏ ఆటలో నమ్మాలి మావయ్యా అంకె?" అన్నాడు. మన ఆమదాలవలస వెయిట్‌లిఫ్టర్ మల్లీశ్వరిని చూడరా అన్నాను. 2000లో సిడ్నీలో 110 ఒకసారి, 130 ఒకసారి, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. అక్కడ ఎవడూ పాసివ్వక్కర్లేదు, ఎవడూ దారి మూయడు. ఎత్తితే ఎత్తినట్టు.

సాయంత్రం వాడు చెప్పిన ఆ 6.2 ఆటగాడి మ్యాచ్ పెట్టించాను. బంతిని వదిలెయ్, వీణ్ణొక్కణ్ణే చూడు అన్నాను. నెట్ ఆగుతూ సాగుతూ ఒక ఇరవై నిమిషాలు చూశాం. బంతి వచ్చేముందు ఆ మిడ్‌ఫీల్డర్ భుజం మీంచి వెనక్కి చూసుకుంటున్నాడు, ప్రతిసారీ. ఎదుటి జట్టువాడు రెండుసార్లు మధ్యలోంచి వద్దామని తల ఎత్తి, వీడు అక్కడుండటం చూసి బంతి వెనక్కి ఇచ్చేశాడు. "ఊరికే నిలబడ్డాడు మావయ్యా" అన్నాడు మావాడు. కాసేపాగి, "వాడు నిలబడ్డాడనే వెనక్కిచ్చీసినాడేటి?" అన్నాడు.

వచ్చే మంగళవారం వైజాగ్‌లో ఫ్లైటెక్కాలి. కొత్త కంపెనీ, వెళ్ళిన మూడో రోజు టెస్ట్. పదమూడేళ్ళ సర్వీసుంది, అయినా ఆరంగుళాల పైపుని నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించి ఇస్తారు, ఒకే ఒక్క జాయింట్. ఎక్స్‌రే బాగుంటే ఐడీ కార్డు, లేకపోతే తిరుగు టికెట్. "ఒక్కదాంతోనే?" అన్నాడు అల్లుడు. ఆఁ, ఒక్కదాంతోనే. రేపు సోంపేట వెళ్ళి ఒక చిన్న అద్దం కొనుక్కోవాలి, పాతది పగిలిపోయింది.