కింది స్పీకరు

ఆదివారం రాత్రి, పదకొండు కావస్తోంది.

పొద్దుటి నుంచి తుంపర ఆగలేదు. మా వీధి చివర కాలవ ఎర్రగా, నిండుగా పారుతోంది. ధవళేశ్వరానికి కొత్తనీరు వచ్చిందంటే అమలాపురంలో మాకు ఈ కాలవే చెబుతుంది. పొద్దున్న పదింటికి బావమరిది ఆటోలో దిగాడు. పక్కన పట్టా కప్పి తాళ్ళతో బిగించిన స్పీకరు బాక్సు. పి.గన్నవరం అవతల లంకలో మామయ్య ఇంటి నుంచి, రేవులో పడవ దాటించి మరీ తెచ్చాడు. తను తడిశాడు కానీ బాక్సు మీద చుక్క పడనివ్వలేదు.

అది మామయ్య మైక్ సెట్టులోది. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, బుర్రకథలకీ, సంక్రాంతి తీర్థాలకీ బాకాలు కట్టేవాడు మామయ్య. పాటకచేరీలు ఉన్నప్పుడు మాత్రమే ఈ బాక్సు బయటికి తీసేవాడు. నిలువుగా నా నడుం ఎత్తు, లోపల పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు, ఒకదాని మీద ఒకటి. రెండూ సెలెస్టియన్ కంపెనీవి, ఇంగ్లండులో తయారైనవి. ఓడల్లో పనిచేసే స్నేహితుడొకాయన తెచ్చిపెట్టాడని చిన్నప్పుడు విన్నాను. మామయ్య పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు హైదరాబాదులో గిటారు వాయించే కుర్రాడెవరో కొంటానన్నాడట. ఫోనులో ఆ కుర్రాడు పంపిన మెసేజ్ బావమరిది చూపించాడు. అడిగినవి రెండే ప్రశ్నలు. కోన్లు ఒరిజినలేనా? రెండూ ఒకే ఏడాది జతేనా? కోన్ అంటే స్పీకరు ముందుండే కాగితపు గరాటు, కదిలి శబ్దం పుట్టించేది అదే.

"నువ్వు చూసి ఔనని చెప్పేస్తే ఫోటోలు పెట్టేస్తా బావా" అన్నాడు.

పాపకి కాలేజీ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టాలి. ఆ సంగతి వాడు చెప్పలేదు, నిన్న ఫోనులో అత్తయ్య చెప్పింది.

కాఫీ తాగి బాక్సుని మధ్యగదిలో పాత దుప్పటి మీద పడుకోబెట్టాం. వెనక పలకకి పద్నాలుగు స్క్రూలు. అందులో ఆరు తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు వేసి అరగంట ఆగాల్సి వచ్చింది. ఇలాంటి పనిలో తొందర పనికిరాదని నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళ కిందట ఒక పాత స్పీకరు ఫ్రేము మీద దుమ్ము తుడుద్దామని స్పిరిట్ ముంచిన గుడ్డ వేశాను. దుమ్ముతో పాటు సిరాతో కొట్టిన తేదీ ముద్ర కూడా పోయింది. ఆ స్పీకరు పుట్టిన రోజు ఇక ఎవరికీ తెలియదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే బావమరిది చేతిలో తడిగుడ్డ చూడగానే లాగేసుకున్నాను. ముందు పొడి బ్రష్షుతో దులపాలి. తర్వాత టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడాలి. ఫోటో తీసుకోవాలి. తుడవడం గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

పైస్పీకరు ఫ్రేము మీద ముద్ర దొరికింది. రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె. సి, జె, 9. సెలెస్టియన్ వాళ్ళ పద్ధతిలో మొదటి అక్షరం నెల, రెండోది ఏడాది, అంకె తేదీ. ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి, సి మార్చి. అలా వెళితే డిసెంబరుకి ఎల్ రావాలి కానీ ఎమ్ వస్తుంది, ఎందుకంటే మధ్యలో ఐ అక్షరాన్ని వదిలేశారు. ఒకటి అంకెలా కనిపిస్తుంది కదా. ఏడాదికీ అదే వరస. చిక్కల్లా ఏమిటంటే ఆ వరస రెండుసార్లు నడిచింది. 1956ని ఏ అనుకుని మొదలుపెట్టి 1967కి ఎమ్ దాకా వచ్చారు. 1968లో మళ్ళీ ఏ. కాబట్టి జె అంటే 1964 కావచ్చు, 1976 కూడా కావచ్చు.

ఇలాంటప్పుడు ముద్రని వదిలి స్పీకరు ఒంటిని చూడాలి. వెనక మేగ్నెట్ మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ కవరుంది. గిటారువాళ్ళు గ్రీన్‌బ్యాక్ అని పిలుచుకునేవి ఇవే. కవరు కింద ఉన్నది వెడల్పుగా, పలచగా, గానుగ రాయిలాంటి ఫెర్రైట్ మేగ్నెట్. 60ల మొదట్లో ఈ పన్నెండు అంగుళాల స్పీకర్లకి అల్నికో మేగ్నెట్లు ఉండేవి, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన లోహం. ఫెర్రైట్ వచ్చింది ఆ దశాబ్దం మధ్యలో. సగం చిరిగిన లేబుల్ మీద ఇప్స్‌విచ్ అన్న ఊరి పేరు కూడా కనిపించింది. కంపెనీ థేమ్స్ డిట్టన్ నుంచి ఆ ఊరికి మారింది తర్వాతి రోజుల్లో. ఇక అనుమానం లేదు. ఈ స్పీకరు పుట్టింది 1976 మార్చి 9న. ఫోనులో కేలండరు తిప్పి చూస్తే మంగళవారం. ఎవరో ఒకాయన ఆ మంగళవారం పొద్దున్నే పనిలోకి వచ్చి దీని మీద ముద్ర కొట్టాడన్నమాట. ఈ తేదీల పని మీద నాకింత ఇష్టం ఎందుకని ఇంట్లో అడుగుతుంటారు. ఇందుకే.

అమెరికా స్పీకర్ల లెక్క వేరు. అక్కడ ముందు కంపెనీ నంబరు, తర్వాత ఏడాది, తర్వాత వారం. 220 అంటే జెన్సన్, 465 అంటే ఆక్స్‌ఫర్డ్, 328 అంటే యూటా, 67 అంటే ఎమినెన్స్. 220632 అని ఉంటే జెన్సన్ వాళ్ళు ఆరుతో ముగిసే ఏడాదిలో 32వ వారంలో చేసినది. 1946 కావచ్చు, 1956 కావచ్చు, 1966 కూడా కావచ్చు. అక్కడా చివరికి ఫ్రేమునీ మేగ్నెట్‌నీ చూసి తేల్చుకోవలసిందే. ఏ దేశం వాళ్ళయినా ఆ రోజుల్లో దశాబ్దం గురించి పెద్దగా పట్టించుకోలేదు. తమ సరుకు యాభై ఏళ్ళు నడుస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు.

కింది స్పీకరు దగ్గరికి వచ్చాం. కె, ఎఫ్, 12. ఇదీ ఫెర్రైటే కాబట్టి 1961 కాదు. 1973 అక్టోబరు 12. శుక్రవారం.

"అయితే జత కాదన్నమాట" అన్నాడు బావమరిది నెమ్మదిగా.

"రెండున్నరేళ్ళ తేడా. ఓడ స్నేహితుడు పాత సామాన్ల కొట్లో ఏరుకుని ఉంటాడు. ఉండు, ఇంకా చూడాలి."

నిజానికి అప్పటికే నా కంట్లో పడింది. పైదాని కోన్ అంచు కాగితం ఫ్రేముకి అతికిన చోట జిగురు ఎండి, పలచగా, ముదురు రంగులో, చుట్టూ ఒకే మందాన ఉంది. కిందిదానికి పసుపుపచ్చ గమ్ము ఒకచోట ఉబ్బి, ఒకచోట కారి ఉంది. గమ్ము కింద ఇనుము మీద ఉలితోనో బ్లేడుతోనో గీకిన గీతలు. పైదాని మధ్యలో దుమ్ము పోకుండా పెట్టే మూత, డస్ట్ క్యాప్, మసకగా బట్టలా ఉంటే, కిందిది నిగనిగలాడే అట్ట. పైకోన్ వెనక సిరాతో అచ్చుకొట్టిన అంకెలున్నాయి, కిందిదాని వెనక అచ్చు లేదు. లోపల తీగచుట్టని పట్టి ఉంచే మడతల బట్ట, స్పైడర్ అంటారు, దాని రంగు కూడా వేరు.

కళ్ళతో చూసినదాని మీదే తీర్పు చెప్పకూడదని మల్టీమీటర్ తెచ్చాను. పైదానికి పెడితే 12.9 ఓములు. పదహారు ఓముల స్పీకరుకి అంతే రావాలి. మీటరు కొలిచేది తీగ నిరోధమే, అది కంపెనీ చెప్పే ఓములకన్నా ఎప్పుడూ కొంచెం తక్కువ. కిందిదానికి పెడితే 6.3. లేబుల్ మీద 16 అనే ఉంది. అంటే లోపలున్న తీగచుట్ట, అదే కాయిల్, ఎనిమిది ఓములది. మాటల్లో చెప్పాలంటే ఫ్రేమూ, మేగ్నెట్టూ, లేబులూ 1973 నాటివి. కాయిల్, కోన్, స్పైడర్, డస్ట్ క్యాప్ మరెప్పటివో. ఎవరో కొత్త కోన్ కట్టారు, రీకోన్ చేశారన్నమాట.

అంకె చూస్తూనే నాకు మామయ్య గుర్తొచ్చాడు. నాకు పదేళ్ళప్పుడు సంక్రాంతి సెలవుల్లో ఆయన వెంట తీర్థాలకి వెళ్ళేవాణ్ణి. ఈ బాక్సు కట్టిన రోజున ఆంప్లిఫయర్ పక్కన టేబుల్ ఫ్యాను పెట్టేవాడు. "ఇదివరకు ఇంత వేడెక్కేది కాదురా, ఏమొచ్చిందో దీనికి" అని చేత్తో తడిమి చూసుకునేవాడు. ఏమొచ్చిందో ఇవాళ తెలిసింది. రెండూ పదహారు ఓములవయితే, పక్కపక్కన కలిపితే ఆంప్లిఫయరుకి ఎనిమిది ఓములు కనిపిస్తాయి. పదహారుకి ఎనిమిదిని అలా పక్కపక్కన కలిపితే కనిపించేది అయిదు పైచిలుకే. ఓములు తగ్గినకొద్దీ ఆంప్లిఫయరు నుంచి లాగే కరెంటు అంతకంత ఎక్కువ. పైగా ఆ శక్తిలో రెండు వంతులు కింది స్పీకరే తినేస్తుంది, పైదానికి ఒక వంతు. ఆయన ఉండగా తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి. ఆ ఫ్యాను మోసే పని తప్పేది.

ఎవరు కట్టారన్నది కోన్ వెనకే దొరికింది. టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూస్తే ఫ్రేము కాళ్ళ సందులోంచి పెన్సిలు రాత. 5-1-88, కింద "రాజమండ్రి" అని తెలుగులో. మన మెకానిక్కులు చాలామంది ఇలా రాస్తారు, మళ్ళీ రిపేరుకి వస్తే ఎప్పుడు కట్టామో తెలియడానికి. 1988 జనవరి 5. సంక్రాంతికి తొమ్మిది, పది రోజుల ముందు. సీజను దగ్గర పడుతుంటే మామయ్య దీన్ని భుజాన వేసుకుని రాజమండ్రి బస్సెక్కాడన్నమాట.

ఆకుపచ్చ కవరు విప్పాం. పైదాంట్లో మామూలు దుమ్ము, బూజు. కిందిదాంట్లో సన్నటి బూడిదరంగు మట్టి, పొరలుగా, గోటితో గీకితే పిండిలా రాలింది. ఒండ్రు. బాక్సు లోపలి ప్లైవుడ్ మీద టార్చి వేస్తే అదే రంగులో అడ్డంగా ఒక గీత, సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యలో. గీత కింద చెక్క పొరలు విచ్చుకున్నాయి. గీత పైన చెక్క కొత్తదానిలా ఉంది.

బావమరిది ఏమీ అనకుండా అత్తయ్యకి ఫోను చేసి నాకిచ్చాడు.

"అత్తయ్యా, మామయ్య బాక్సు ఎప్పుడైనా నీళ్ళలో పడిందా?"

"ఎనభయ్యారు వరదల్లో రా నాన్నా. ఆగస్టు. రాత్రికి రాత్రి అరుగెక్కేసింది గోదారి. మీ మామయ్య ముందు ఆంప్లిఫయరు అటక మీద పెట్టాడు, తర్వాత నన్నూ పిల్లాణ్ణీ డాబా ఎక్కించాడు. బాక్సు బరువు కదా, ఒక్కడి వల్ల కాలేదు. మంచం మీదకి ఎక్కించి వదిలేశాడు. మంచం కోళ్ళు మునిగి బాక్సులో సగానికి వచ్చాయి నీళ్ళు. ఏడాదిన్నర అలాగే మూలన పెట్టాడు, డబ్బుల్లేక. తర్వాతే రాజమండ్రి తీసుకెళ్ళాడు. ఎందుకురా, పాడయిందా?"

"లేదండి, బాగుంది."

పైకోన్ ఎందుకు ఒరిజినల్‌గా మిగిలిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. నీళ్ళు దాని దాకా రాలేదు. మంచం ఎత్తు దాన్ని కాపాడింది. కాగితం కోన్ కావడం కూడా మంచిదే అయింది. మా ఇంట్లో 80ల నాటి స్టీరియో స్పీకర్లకి ఫోము అంచులుండేవి. ఒక్క వరద చూడకుండానే మన గాలిలో తేమకి, ఉక్కకి మెత్తబడి, ముట్టుకుంటే నల్లటి బంకలా రాలిపోయాయి. ఈ కాగితం అంచు మాత్రం దాదాపు అర్ధశతాబ్దం కోనసీమ గాలి పీల్చి కూడా గట్టిగా ఉంది.

భోజనాల దగ్గర బావమరిది అడిగాడు. "కోన్ వెనక ఎవరు చూస్తారు బావా? ముందు నుంచి రెండూ ఒకలాగే ఉన్నాయి."

"కొనేవాడు మీటరు పెట్టిన రోజు చూస్తాడు."

"పెట్టకపోతే?"

"మనకి తెలుసు కదరా."

వాడు పప్పుచారు కలుపుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. వాడి మీద నాకు కోపం రాలేదు. ఫీజు కట్టాల్సిన తండ్రి వాడు. కానీ మామయ్య ఎవరి పెళ్ళిలోనూ రెండు బాకాలు కట్టి మూడింటికి డబ్బు తీసుకోలేదు. ఆయన పేరు చెప్పి అమ్మే వస్తువు గురించి ఒక్క తప్పు మాట కూడా పోకూడదని నాకనిపించింది, ఆ మాట వాడికి చెప్పాను కూడా. రీకోన్ అయితే విలువ ఉండదన్నది తప్పని కూడా చెప్పాను. ఫ్రేమూ మేగ్నెట్టూ అసలువే. కావలసినవాడు పదహారు ఓముల కాయిల్‌తో మళ్ళీ కట్టించుకోవచ్చు. కావలసిందల్లా ఉన్నదున్నట్టు చెప్పడం.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మెసేజ్ రాశాం. పైది 1976 మార్చి 9, కోన్, కాయిల్ అన్నీ కంపెనీవి, 12.9 ఓములు. కిందిది 1973 అక్టోబరు 12 ఫ్రేము, 1988 జనవరిలో రాజమండ్రిలో కోన్ మార్చినది, కాయిల్ ఎనిమిది ఓములది, 6.3. జత కాదు. తేదీ ముద్రలు, జిగురు, పెన్సిలు రాత, మీటరు అంకెలు, అన్నీ ఫోటోలు తీసి పెట్టాం. వరద గీత ఫోటో కూడా పెడదామన్నాడు వాడే. పంపాక వాడి మొహం కొంచెం తేలికపడింది.

సాయంత్రం రెండిటినీ విడివిడిగా చిన్న ఆంప్లిఫయరుకి కలిపి విన్నాం. విజయవాడ రేడియో పెట్టాను. పైదాంట్లో గొంతు సన్నగా, స్పష్టంగా వచ్చింది. కిందిదాంట్లో కొంచెం బొంగురుగా, గట్టిగా. నా చిన్నప్పుడు తీర్థంలో ఇసుకలో కూర్చుని విన్నది ఆ బొంగురు గొంతే, ఇప్పుడు తెలిసింది.

వెళ్ళేముందు బావమరిది అన్నాడు, ఆ హైదరాబాదు కుర్రాడు పైదొక్కటే చాలంటే కిందిది మీ ఇంట్లోనే ఉంచు బావా, లంకలో మళ్ళీ తడుస్తుంది అని. ఏడింటి పడవకి వెళ్ళిపోయాడు. బాక్సు ఇంకా దుప్పటి మీదే ఉంది. హైదరాబాదు నుంచి జవాబు రాలేదు. ఆకుపచ్చ కవర్లు రెండూ మళ్ళీ బిగించాను. కిందిదాంట్లో ఒండ్రు మాత్రం తుడవలేదు.