పగడాలకు పిలకలు తీశాను, గరాజ్‌లో కూర్చుని

మా 75 గ్యాలన్ల సముద్రపు నీటి ట్యాంకులో జోవాలు (గుత్తులుగా పెరిగే, పువ్వుల్లా కనిపించే మెత్తటి పగడాలు) వాటి రాయి దాటి టార్చ్ కోరల్ అనే ఇంకో పగడం దాకా పాకేశాయి. టార్చ్ ఊరుకునే రకం కాదు. దాని పొడవాటి టెంటకిల్స్ తగిలిన చోటల్లా జోవాలు ముడుచుకుపోతున్నాయి. ఇక కొన్నిటిని తీసి వేరే చోట పెట్టక తప్పదు. డాలస్ చుట్టుపక్కల ఇలాంటి పగడాల (రీఫ్) ట్యాంకులు పెంచే మిత్రుల మధ్య ఇలాంటి ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. చామంతికి పిలక తీసి పాతినట్టే, ఒక ముక్క కోసి చిన్న బిళ్ళలాంటి ప్లగ్ మీద అంటిస్తే అదే మళ్ళీ గుత్తి కడుతుంది. కోత పని చిటికెలో అయిపోతుంది. అసలు పనంతా దానికి ముందూ వెనకా ఉంటుంది.

ఎందుకంటే జోవాలు, వాటి దగ్గరి చుట్టాలు ప్యాలిథోవాల్లో కొన్నిటిలో ప్యాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో శాస్త్రవేత్తలు దీన్ని హవాయిలో దొరికిన ఒక ప్యాలిథోవా నుంచి వేరుచేశారు. ఆ జీవిని పూర్వం అక్కడివాళ్ళు ఈటెల మొనలకు పూసేవారట. మన కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోడే పంపుని ఇది పాడు చేస్తుంది. ఏ జోవాలో ఎంత ఉందో రంగు చూసి చెప్పలేం. అందుకని అన్నిట్లోనూ ఉందనుకునే పని మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ప్రమాదం వేడి. అక్కర్లేని జోవాలు పట్టిన రాయిని కొందరు మరిగే నీళ్ళలో వేస్తుంటారు. ఆ వేడికి విషం చావదు సరికదా, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. 2012, 2014 మధ్య అలాస్కాలో అక్వేరియం షాపుల్లోనూ ఇళ్ళలోనూ జనం ఈ విషాన్ని గాలి ద్వారా పీల్చే జబ్బుపడి ఉంటారని అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ళ నివేదికలో చదివాను. నోట్లో లోహం రుచి, దగ్గు, జ్వరం, ఛాతీ బిగుతు. చూడ్డానికి ఫ్లూలాగే ఉంటుంది కాబట్టి డాక్టరుకి జోవాల సంగతి మనమే చెప్పాలి. అది చదివాక వంటగది సింక్ ఆలోచన పూర్తిగా మానేసి, గరాజ్ తలుపు ఎత్తి అక్కడే బల్ల వేశాను. పిల్లల్నీ కుక్కనీ లోపలే ఉంచమన్నాను. గ్లవ్స్, గాగుల్స్, మాస్క్ పెట్టుకుని కూర్చుంటే, వేసవికి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు తలుపు సందులోంచి చూసి "అల్లుడుగారూ, ఇంత ఆర్భాటం ఈ పూలకేనా?" అన్నారు. దూరం నుంచే చూడండి అన్నాను.

ముందు నీళ్ళ సంగతి చూసుకోవాలి. అల్కలినిటీ (నీటి క్షారగుణం) రోజుకో అంకె చూపిస్తున్న ట్యాంకులో కోత పెట్టకూడదు. గాయం మానాలంటే కోరల్‌కి స్థిమితం కావాలి. నా ట్యాంకులో అది 8.5 డిగ్రీల (dKH) దగ్గర, కాల్షియం 420 ppm దగ్గర నిలకడగా ఉన్నాయని తేల్చుకున్నాకే కట్టర్ పట్టుకున్నాను.

చెయ్యి తిరగడానికి మొదట రాతిలాంటి ఎముక ఉండే హామర్ కోరల్ తీశాను. కొమ్మలుగా పెరిగే రకమైతే దీని అంత సులువు లేదు. మెత్తటి కండ ఎక్కడ ఆగిందో చూసుకుని, అంతకు ఓ అంగుళం కింద ఉత్త ఎముకలాంటి భాగాన్ని బోన్ కట్టర్‌తో పట్టి నొక్కితే టక్కున విరుగుతుంది. కండకు దెబ్బ తగలదు. గోడలా ఒకే పట్టీగా పెరిగే హామర్‌ని కోయాలంటే మాత్రం బతికున్న కండనే చీల్చాలి. అది నేను ముట్టుకోను.

తర్వాత జోవాలు. ట్యాంకు నీళ్ళు పోసిన ప్లాస్టిక్ టబ్బులో రాయిని ముంచి, నీళ్ళలోనే కోశాను. పైకి తీసి కోస్తే పాలిప్ (గుత్తిలో ఒక్కో పువ్వులాంటి జీవి) లోపలి నీరు పిచికారీలా మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు. పాలిప్‌ల మధ్య రబ్బరు షీటులాంటి పొర ఉంటుంది. తలల్ని తాకకుండా ఆ పొరలో స్కాల్పెల్‌తో గీత పెట్టి, కింద రాతి పెచ్చుతో సహా లేపాను. కోసిన చోట తెల్లటి జిగురు తీగలు తీగలుగా సాగింది. ఆ జిగురుండగా గ్లూ అంటదు. వేరే నీళ్ళలో కడిగి, పెచ్చు అడుగుని పేపర్ టవల్‌తో అద్ది, ప్లగ్ మీద శనగగింజంత సూపర్ గ్లూ జెల్ పెట్టి నొక్కాను. నీళ్ళలో దించగానే జెల్ మీద తెల్లగా తొడుగు కడుతుంది. అప్పటిదాకా వేలు తీయకూడదు.

టబ్బులో నీళ్ళు మళ్ళీ ట్యాంకులో పోయకూడదు. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, పనిముట్లూ టబ్బూ తుడిచిన టవళ్ళూ అన్నీ అందులో అరగంట నానేశాను. కోసిన నీళ్ళలోనూ అదే మోతాదులో బ్లీచ్ పోశాను. ఒక్క విషయం మర్చిపోవద్దు. పంపులు కడగడానికి మనందరం వెనిగర్ వాడతాం కదా, ఆ సీసాని ఈ బ్లీచ్ దరిదాపుల్లో ఉంచకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ట్యాంకు ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్ళలోని మలినాల్ని పీల్చుకునే బొగ్గు) కూడా వేశాను.

ముక్కల్ని ప్రవాహం తక్కువున్న మూల, అడుగున పెట్టాను. జోవాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. హామర్ ముక్కల్ని మాత్రం పొద్దునా సాయంత్రం టార్చిలైటు వేసి చూశాను. గోధుమరంగు జెల్లీలా కుళ్ళు కనిపిస్తే వెంటనే తీసెయ్యాలి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది. ఈసారి ఆ బాధ రాలేదు.

విశాఖలో ఉన్న మా బావమరిది ఫొటోలు చూసి, ఈసారి వచ్చేటప్పుడు హామర్ ముక్కొకటి పట్టుకురా బావా అన్నాడు. హామర్ లాంటి రాతి పగడాలన్నీ అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, దేశాలు దాటించాలంటే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద పర్మిట్లు కావాలి, సూట్‌కేసులో వచ్చే సరుకు కాదురా అని చెప్పాను. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో మొదలుపెట్టమన్నాను.