దత్తాంశం రాసి పండుకో

పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో 19 మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రమే మా కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక డ్రాయింగ్ షీటు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు కొని, తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పదిన్నర దాకా అరగంటకొక గడి చొప్పున టైంటేబుల్ గీశాను. దాన్ని గోడకు అంటించడానికి మా అమ్మ మైదాపిండి ఉడికించి ఇచ్చింది. నేను దాని ప్రకారం చదివింది మూడు రోజులే కానీ, గోడ మీద అది మరుసటి సున్నం దాకా నిలిచింది.

మా లెక్కల సారు ఈ సంగతి విని నవ్వలేదు. “నాలుగింటికి ఎందుకు లేయలేదురా?” అని మాత్రం అడిగారు. బుద్ధి పుట్టలేదని నిజమే చెప్పాను. “బుద్ధి పుట్టినాక చేస్తానంటే మార్చి వచ్చేస్తాది. పొద్దుకొక్క సిద్ధాంతం చెయ్, చాలు. రాత్రి పండుకునే ముందర మాత్రం రేపటి దానికి దత్తాంశం రాసి, పటం గీసి పండుకో,” అన్నారు.

తెలుగు మాధ్యమంలో రేఖాగణితం చదివినవారికి ఆ వరుస గుర్తుండే ఉంటుంది: దత్తాంశం (ఇచ్చినది), సారాంశం (రుజువు చేయాల్సింది), నిర్మాణం, ఉపపత్తి (రుజువు). మొదటి రెండూ రాయడానికి తెలివి అక్కరలేదు, పుస్తకంలోని వాక్యాన్ని రెండుగా విడదీస్తే సరిపోతుంది. నిద్ర కళ్ళతో కూడా ఆ పని చేయగలిగేవాణ్ణి. పొద్దున నోటుపుస్తకం తెరిస్తే ఖాళీ పేజీకి బదులు ముందు రాత్రి గీసిన వృత్తం, దాని మీద నాలుగు బిందువులు, పేజీ మధ్యలో ‘ఉపపత్తి’ అన్న మాట కనిపించేవి. కొత్తగా మొదలుపెట్టడం వేరు, ఆగిన చోటి నుంచి అందుకోవడం వేరు. నా బద్ధకమంతా మొదలుపెట్టడం దగ్గరే ఉందని, చేయడం దగ్గర లేదని నాకు అప్పుడే తెలిసింది. ఉత్సాహం కూడా వచ్చేది కానీ, ఉపపత్తిలో మూడో పంక్తి దాటాక వచ్చేది.

సంక్రాంతికి పులివెందుల పక్కన మా అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళి రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. తిరిగి వచ్చాక, ఎలాగూ తప్పింది కదా అని మరో పది రోజులు వదిలేశాను. సారు కోప్పడింది ఆ రెండు రోజులకు కాదు, ఆ పది రోజులకే. చాలా ఏళ్ళ తర్వాత, 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి వెలువరించిన పరిశోధన గురించి చదివినప్పుడు ఆయనే గుర్తుకు వచ్చారు. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు సరిపోతే, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని వారు అంచనా కట్టారు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని కూడా గమనించారు. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారిపోతుందని చెప్పేవారి మాటలకు నేను అందుకే చెవి ఒగ్గను.

పట్టుదల మాట వస్తే మా ఊళ్ళో అందరూ బ్రౌను దొర పేరే ఎత్తుతారు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో గానీ అచ్చు కాలేదు. మేము చదివేనాటికి ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఇంకా లేదు, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో అది తర్వాత వెలసింది. అయితే ఆ ముప్పై రెండేళ్ళ ఓర్పు కంటే, ఆయన చేసుకున్న ఏర్పాటే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. సొంత డబ్బుతో పండితులను, లేఖకులను నియమించి, తన బంగళాలోనే తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. దొర కచేరీలో తీరిక లేకుండా ఉన్న రోజున కూడా బంగళాలో పని సాగేలా చూసుకోవడమంటే, తన ఉత్సాహాన్ని తాను పూర్తిగా నమ్ముకోకపోవడమే కదా.

నాకు లేఖకులు లేరు కాబట్టి, ఉద్యోగంలో శాఖాపరమైన పరీక్షలకు చదివినన్నాళ్ళూ మరునాటి పేజీ తెరిచి, దాని మీద పెన్ను పెట్టి పడుకునేవాణ్ణి. చక్కెర జబ్బు బయటపడ్డాక నడక బూట్లు, వాటిలో మేజోళ్ళు రాత్రే గడప దగ్గరికి చేరుతున్నాయి. పొద్దున వాటిని దాటుకుని కాఫీకి పోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. వానాకాలంలో మాత్రం నా దగ్గర ఏ ఉపాయమూ పనిచేయదు.

1984 మార్చిలో లెక్కల్లో 61 మార్కులతో గట్టెక్కాను. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పోయిన నెల ఈ సంచిక కోసం ఫోటోలు వెతుకుతుంటే అది దొరికి, మా అమ్మాయి చివరి పేజీ తెరిచింది. చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాల మొత్తం 180 డిగ్రీలన్న సిద్ధాంతానికి దత్తాంశం, సారాంశం రాసి, పటం గీసి ఉన్నాయి. పరీక్షకు ముందు రాత్రి అలవాటు కొద్దీ రాసుకున్నవి అవి. “దీని కింద ఏమీ లేదేం నాయనా?” అని అడిగి, సమాధానం కోసం చూడకుండా బ్యాగులోంచి పెన్ను తీసింది.